నా సాక్ష్యం మెర్వత్ చెప్పింది

యేసు చివరి విందును తలుచుకునే ప్రభు బల్ల రోజున చర్చిలో ద్రాక్షరసం పళ్ళెం ఆడవాళ్ళ వైపు మా బెంచీకి వచ్చినప్పుడు నేను చేసే పని ఒకటే. కుడిపక్క నుంచి అందుకోవడం, ఎడమపక్కకి ఇవ్వడం. చిన్న గాజు కప్పులు ఒకదానికొకటి తగిలి గలగలమంటాయి. ఆ రసం వాసన నాకు బాగా తెలుసు. ముందురోజు ఎండుద్రాక్ష ఉడికేది మా ఇంట్లోనే. మా నానమ్మ తఫీదా దాన్ని గుడ్డలో వడగట్టి సీసాలో పోసేది. గిన్నె అడుగున మిగిలింది నేను వేలితో నాకేదాన్ని. ఇంట్లో ఎంత నాకినా ఎవరూ ఏమీ అనరు. చర్చిలో మాత్రం ఆ కప్పు ముట్టుకోకూడదు. అది సంఘ సభ్యులకే.

పదహారేళ్ళు నిండేసరికి నాకు కావలసింది అదొక్కటే. పళ్ళెం వచ్చినప్పుడు పక్కకి ఇచ్చేయకుండా, ఒక కప్పు తీసుకుని, తల వంచుకుని తాగడం.

మా చర్చిలో సభ్యత్వం అడిగితే ఇచ్చేది కాదు. ముందు సాక్ష్యం రాసివ్వాలి, ఒక పేజీ. దేవుణ్ణి నువ్వు ఎక్కడ, ఎలా తెలుసుకున్నావో అందులో ఉండాలి. తర్వాత సంఘ పెద్దలు పిలిచి కూర్చోబెట్టి అడుగుతారు. నోటితో చెప్పాలి. వాళ్ళు ఒప్పుకుంటే, మా దేశంలో సెలవు రోజైన శుక్రవారం నాటి ఆరాధనలో అందరి ముందూ నిలబెట్టి పాస్టరుగారు ప్రమాణం చేయిస్తారు. అప్పుడు పేరు పుస్తకంలో ఎక్కుతుంది.

నోటితో చెప్పడం అన్నది తలుచుకుంటేనే నా అరచేతులు తడిసేవి. బడిలో హాజరు పిలిచినప్పుడు కూడా నా గొంతు రెండో బెంచీ దాటి వెళ్ళదు. కానీ రాయడం వచ్చు. ఆ పేజీ ఐదు రోజులు రాశాను. నాలుగు కాయితాలు చింపాను. చివరికి నిలిచింది ఇది.

నాకు పదమూడేళ్ళప్పుడు నానమ్మ నన్ను మేడ మీద రొట్టెలకు కాపలా పెట్టింది. మా వైపు పిండిముద్దలు మట్టి పళ్ళేల మీద పెట్టి ఎండలో పొంగనిచ్చి తర్వాత పొయ్యిలో కాలుస్తాం. కోళ్ళూ పిచ్చుకలూ రాకుండా ఎవరో ఒకరు కూర్చోవాలి. నేను నీడలో పుస్తకం పట్టుకుని నిద్రపోయాను. లేచేసరికి ఆరు రొట్టెల్ని కోళ్ళు పొడిచేశాయి. నానమ్మ పైకొచ్చి అరిస్తే, షఫీకా అత్త కాపలా ఉంటానని సైగ చేస్తే వదిలి వెళ్ళానని చెప్పాను. షఫీకా అత్త నాన్నకు చెల్లెలు. పుట్టుకతోనే వినబడదు, మాట రాదు. నానమ్మ పొయ్యి కర్రతో అత్త భుజం మీద రెండు వేసింది. ఎందుకు కొడుతున్నారో అత్తకు తెలియలేదు. కర్ర వైపూ నా వైపూ చూసింది. సాయంత్రం రొట్టెలు కాలాక తనకిచ్చిన వేడి రొట్టె తీసుకుని నేనున్న మూలకి వచ్చి, సగం తుంచి నా చేతిలో పెట్టి, పక్కన కూర్చుంది. నోట్లో పెట్టుకున్నాను గానీ మింగుడు పడలేదు. నన్ను ఎవరో మొత్తం చూశారనీ, చూసి కూడా వెళ్ళిపోలేదనీ అప్పుడు తెలిసింది. లేచి వెళ్ళి నానమ్మకు నిజం చెప్పాను. ఆ రోజు నుంచి నేను ప్రార్థన చేసుకుంటున్నాను.

అంతే. పేజీ కూడా పూర్తిగా నిండలేదు.

ఆ చలికాలంలో సంఘ పెద్దల్లో ఒకాయన చనిపోయాడు. ఆయన కుర్చీకి ఇద్దరు పోటీ. ఒకరు పై వీధి నజ్మీ మాస్టారు, ఇంకొకరు మా ఫహీమ్ పెదనాన్న. ఓట్లు వేసేది సభ్యులే. అప్పటికి పదేళ్ళలో మా ఇంటి వైపు నుంచి సభ్యులైనవాళ్ళు ముగ్గురు. ఆ వసంతంలో ఒక్కసారే పదకొండు మందిమి పేర్లిచ్చాం.

"దేవుడు మన ఇంటిని కదిలిస్తున్నాడే" అంది అమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

నేను నమ్మాను. పదకొండు మందిలో ఒకదాన్నని సంతోషపడ్డాను కూడా. అది తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే రోత.

కాయితాలన్నీ పెదనాన్న తన దగ్గర పెట్టుకున్నాడు. పాస్టరుగారికి ఇచ్చేముందు తానొకసారి చూస్తానన్నాడు. పరీక్షకు మూడు రోజుల ముందు మమ్మల్ని తన ఇంటి ముందుగదిలోకి పిలిచాడు. చాపల మీద కూర్చున్నాం. పెదనాన్న సోఫాలో, ఒళ్ళో గుమ్మడి గింజల పొట్లం, పక్కన మా కాయితాల దొంతర. గింజ పళ్ళ మధ్య పెట్టి టక్కున కొరికి, పప్పు నాలుకతో లాక్కుని, పొట్టు ఎటు పడితే అటు ఊసేవాడు. మాట్లాడుతూనే కొరికేవాడు.

"పెదనాన్నా, నాకు రక్షణ ఎప్పుడొచ్చింది?" అన్నాడు రాఫత్. వాడు మా చిన్న బాబాయి కొడుకు, నా వయసువాడే.

"నీకు పోయిన ఆగస్టులో. యువజన కూటాల్లో. పదిహేనో తారీకు. తారీకు మర్చిపోతే చంపేస్తా."

"ఆగస్టులో నేను కూటాలకు వెళ్ళలేదుగా. చెయ్యి విరిగి కట్టు కట్టారు."

పెదనాన్న ఒక్క క్షణం ఆలోచించాడు. "అయితే ఆ చెయ్యే నీ సాక్ష్యం. గాడిద మీద నుంచి పడ్డావు, నొప్పితో ఏడుస్తుంటే దేవుడు మాట్లాడాడు. ఇంకా బాగుంది ఇది."

"గాడిద ఏమంది పెదనాన్నా?"

అందరూ పగలబడి నవ్వారు. పెదనాన్న కూడా నవ్వాడు. నవ్వుతూనే ఒక పొట్టు ఊసితే అది వచ్చి పై కాయితానికి అతుక్కుంది. నా కాయితానికి. తడిగా, తెల్లగా, సరిగ్గా అత్త పేరు దగ్గర. ఆయన దాన్ని గోటితో గీకి కాయితం తీశాడు.

"ఇదెవరిది? చేతిరాత బాగుందే." చదివాడు. చదువుతున్నంతసేపూ గింజ కొరకలేదు. అది నేను గమనించాను. "రిఫ్కా, నువ్వేనా?"

తలూపాను.

"బాగుంది. కానీ నువ్వు చెప్పలేవమ్మాయ్. నీ నోట్లోంచి మాట రావాలంటే ట్రాక్టరుకు తాడు కట్టి లాగాలి." మళ్ళీ నవ్వులు. "ఇది మెర్వత్ చెబుతుంది. దానికి గొంతుంది, ఏడవడం కూడా వచ్చు. నీకు చిన్నది ఇస్తా. టైఫాయిడ్."

మెర్వత్ ఆయన కూతురు, నాకంటే ఏడాది పెద్ద. క్రిస్మస్ నాటకాల్లో ఎప్పుడూ దూత వేషం తనదే.

"నాకు టైఫాయిడ్ రాలేదు పెదనాన్నా."

"పెద్దలొచ్చి నీ రక్తం చూస్తారా? జ్వరం వచ్చింది, డాక్టరు చేతులెత్తేశాడు, మీ అమ్మ ప్రార్థన చేసింది, లేచావు. నాలుగు ముక్కలు. అవైనా చెప్పగలవా?"

"అది నాది" అన్నాను.

"ఏంటీ? గట్టిగా."

"ఆ కాయితంలో ఉన్నది. నాకు జరిగింది అది."

ఆయనకు కోపం రాలేదు. అదే నాకు ఇంకా అసహ్యమనిపించింది. చిన్నపిల్లకు చెప్పినట్టు మెత్తగా అన్నాడు. "ఈ ఇంట్లో నాదీ నీదీ ఏంటి తల్లీ? అందరం ఒకే పళ్ళెంలో చెయ్యి పెట్టి తింటున్నాం. ఎవరు చెబితే ఏం, మన ఇంటి సాక్ష్యమేగా." తర్వాత జేబులోంచి పెన్ను తీశాడు. "ఇక్కడ షఫీకా ఎందుకు? పెద్దల ముందు మన మూగదాన్ని ఎక్కించాలా? వాకిట్లోకి వచ్చిన బిచ్చగత్తె అని పెడదాం. ఆఖర్న కొంచెం చప్పగా ఉంది. ఒక వెలుగు రావాలి. ఏమే మెర్వత్, వెలుగు పెట్టనా?"

"పెట్టు నాన్నా. పేరు పెట్టి పిలిచినట్టు కూడా పెట్టు."

"ఎన్నిసార్లు పిలవాలి?"

"మూడు."

పెన్ను అత్త పేరు మీద రెండుసార్లు గీత గీయడం చూశాను.

"శుక్రవారం చేర్చుకుంటే ఆ రోజే మేం ఓటేయొచ్చా?" అని అడిగాడు రాఫత్ ఉన్నట్టుండి.

"ఆ రోజే. ఆరాధన అవగానే ఓట్లు. నియమాల్లో ఉంది. పేరు పుస్తకంలో ఎక్కిందా లేదా, అంతే."

"ఓహో. దేవుడు ఇంత తొందరగా మా అందరితో ఎందుకు మాట్లాడాడో ఇప్పుడర్థమైంది."

"నోర్ముయ్ రా గాడిదా" అన్నాడు పెదనాన్న. కానీ పొట్లం వాడి వైపే చాచాడు.

ఇంటికొచ్చి నాన్నతో చెప్పాను. నాన్న వాకిట్లో కాళ్ళు కడుక్కుంటున్నాడు. మా నాన్న అద్లీ, తన అన్న మాటకు ఎప్పుడూ ఎదురు చెప్పినవాడు కాదు.

"కాయితమేగా" అన్నాడు. "నీకు రాయడం వచ్చుగా. ఇంకోటి రాసుకో."

"అది కాయితం కాదు నాన్నా."

నీళ్ళు పోసుకోవడం ఆపాడు. అర్థమైందనే అనుకున్నాను. కానీ చెంబు కింద పెట్టి, "అన్నయ్య ఆ కుర్చీలో కూర్చుంటే చర్చిలో మన మాటంటూ ఒకటి ఉంటుంది. నాలుగు రోజులు ఓర్చుకో" అని లోపలికి వెళ్ళిపోయాడు.

నానమ్మ ఎండుద్రాక్షలో పుల్లలు ఏరుతోంది. అంతా విని తల ఎత్తకుండానే అంది. "నీ కన్నీళ్ళు అది ఏడిస్తే నీకేం తగ్గిందే? ఎవరివో దేవుడికి తెలీదా?"

"తెలిస్తే మరి ఆయన దగ్గర అబద్ధం ఎలా చెబుతాం నానమ్మా?"

"నీకు నోరు లేదన్నదెవరే?" అంది నానమ్మ. నవ్విందో లేదో కనబడలేదు.

గురువారం మధ్యాహ్నం చర్చి పక్కగదిలో పరీక్ష. ముగ్గురు పెద్దలు, పాస్టరు యూనాన్. పాస్టరుగారు పట్నం మనిషి, మా ఊరొచ్చి రెండేళ్ళు. పెద్దల్లో పెద్దాయన లబీబ్ తాత. టేబుల్ మీద పేర్ల పుస్తకం, పక్కన సాక్ష్యాల దస్తా, చాయ్ గ్లాసులు. మేం గోడ వారగా వరుసగా కూర్చున్నాం. నా పక్కనే మెర్వత్.

రాఫత్ చెయ్యి విరగడం గురించి చెప్పాడు. వాడి నోట్లో అది నిజంలాగే వినబడింది. తర్వాత మెర్వత్ లేచింది.

మొదటి వాక్యం నాదే. "నాకు పదమూడేళ్ళప్పుడు నానమ్మ నన్ను మేడ మీద రొట్టెలకు కాపలా పెట్టింది." నేను చుక్క పెట్టిన చోట ఆగింది. నా నిద్ర, నా కోళ్ళు, నా ఆరు రొట్టెలు. అన్నీ ఆమె నోట్లోంచి ఒక్కొక్కటే బయటికి వస్తుంటే నా దుప్పటి ఎవరో కప్పుకున్నట్టు ఒళ్ళంతా జలదరించింది. బిచ్చగత్తె వచ్చింది. నింద బిచ్చగత్తె మీద పడింది. దెబ్బలు తిన్నది, రొట్టె తుంచి పెట్టింది బిచ్చగత్తే. తర్వాత తెల్లటి వెలుగు. "మెర్వత్, మెర్వత్, మెర్వత్" అని పిలుపు. ఆ మూడోసారికి ఆమె గొంతు బొంగురుపోయింది. కన్నీళ్ళు కారాయి. నిజమైన కన్నీళ్ళే.

లబీబ్ తాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పాస్టరుగారు తల వంచుకున్నారు.

ఒక మాట ఒప్పుకోవాలి. నా మాటలకు వాళ్ళు ఏడుస్తుంటే ఒక్క క్షణం నాకు గర్వంగా అనిపించింది. రాసింది నేనే అనుకున్నాను. పెదనాన్న పొట్టు ఊసినప్పటికంటే, మెర్వత్ ఏడ్చినప్పటికంటే, ఆ క్షణానికి నాకు ఎక్కువ రోత పుట్టింది.

"రిఫ్కా" అని పిలిచారు పాస్టరుగారు.

లేచాను. టైఫాయిడ్ నా గొంతు దాకా వచ్చింది. నాలుగు ముక్కలు. నేను చెప్పలేదు. నిజం కూడా చెప్పలేకపోయాను. నాది అప్పుడే చెప్పేశారుగా. మళ్ళీ అదే చెబితే ఇద్దర్లో ఒకరు దొంగ అవుతారు, అది నేనే అవుతానని తెలుసు. నేల మీద చాయ్ చుక్క ఒకటి ఎండి ఈగ వాలుతోంది. దాన్నే చూస్తూ నిలబడ్డాను.

"చెప్పమ్మా, భయపడకు" అన్నారు పాస్టరుగారు.

నిమిషం గడిచింది. ఇంకో నిమిషం.

"వదిలేయండి పాస్టరుగారూ, పిల్ల సిగ్గరి" అన్నాడు లబీబ్ తాత. "మంచి ఇల్లు. వాళ్ళ నానమ్మ ముప్పై ఏళ్ళుగా బల్లకు రసం కాస్తోంది. ఈ పిల్ల సంగతి మనకు తెలీనిదా? రాసుకోండి."

రాసుకున్నారు.

బయటికొచ్చాక చేతుల మీద నీళ్ళు పోసుకుంటూ చాలాసేపు పంపు దగ్గరే నిలబడ్డాను. నాకు గుర్తొచ్చింది షఫీకా అత్త. అత్తకు ఇరవై ఏళ్ళప్పుడు నానమ్మ ఆమెనూ ఇదే గదిలోకి తీసుకొచ్చిందట. అప్పటి పెద్దలు ప్రశ్నలడిగారు. అత్త నవ్వుతూ నిలబడింది. జవాబు చెప్పలేని మనిషి ప్రమాణం ఎలా చేస్తుందని వెనక్కి పంపేశారు. అప్పటినుంచీ ముప్పై ఏళ్ళుగా ప్రతి ఆరాధనకీ వచ్చి చివరి బెంచీలో కూర్చుంటుంది. పళ్ళెం పక్కకి అందిస్తుంది. అత్త నోరు విప్పలేదని తోసేశారు. నేను నోరు విప్పకపోతే మంచి ఇల్లని రాసుకున్నారు. మా ఇల్లు ఒకటే కదా!

శుక్రవారం చర్చి నిండిపోయింది. గుమ్మం దగ్గర పెదనాన్న కాళ్ళ దాకా వేలాడే కొత్త గలబియ్యా వేసుకుని, మెడకీ చెవుల వెనకా అత్తరు పూసుకుని నిలబడి వచ్చినవాళ్ళందర్నీ కౌగిలించుకుంటున్నాడు. నజ్మీ మాస్టార్ని కూడా. నా నెత్తి మీద ముద్దు పెట్టాడు. ఆ అత్తరు వాసన ఆరాధన అయ్యేదాకా నా జుట్టులో ఉంది.

వాక్యం అయ్యాక మా పదకొండు మందినీ ముందుకు పిలిచారు. పాస్టరుగారు పుస్తకం తెరిచి చదివారు. "మీ ఇంటికంటే, మీ రక్తసంబంధుల కంటే, మీ ప్రాణం కంటే దేవుణ్ణే ముందుంచుతామని ఈ సంఘం ఎదుట మాట ఇస్తున్నారా?"

"ఇస్తున్నాం!" అన్నారు.

గట్టిగా, కలిసి, పెదనాన్న ఇంట్లో మూడుసార్లు నేర్పినట్టే. నేను అనలేదు. పెదవులు బిగించి పట్టుకున్నాను. అందరికీ కనబడుతుంది, ఆరాధన ఆగిపోతుంది అనుకున్నాను. ఏమీ ఆగలేదు. పది గొంతులు పదకొండుకు సరిపోయాయి. పాస్టరుగారు మా మీద చెయ్యి చాచి ప్రార్థన చేశారు. పాట ఎత్తుకున్నారు. అమ్మ ఏడుస్తోంది. మేం వచ్చి ముందు బెంచీలో కూర్చున్నాం.

రసం పళ్ళెం వచ్చింది. లబీబ్ తాత స్వయంగా తెచ్చాడు, కొత్త సభ్యులం కదా. మెర్వత్ తీసుకుంది. మిగతా అమ్మాయిలు తీసుకున్నారు. నా ముందుకొచ్చింది. మా నానమ్మ కాచిన రసం. ఎన్నేళ్ళో ఎదురుచూసిన కప్పు. తీసుకుని తాగేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. నాకూ ఒక వారానికి మర్చిపోవడం అలవాటవుతుందేమో.

పళ్ళెం అందుకుని పక్కకి ఇచ్చేశాను.

"తీసుకో అమ్మా" అని గుసగుసగా అన్నాడు లబీబ్ తాత. "అలవాటులో ఇచ్చేశావా? నువ్విప్పుడు సభ్యురాలివి."

తల అడ్డంగా ఊపాను. ఆయన నవ్వాడు. పాపం సిగ్గు అనుకున్నాడు.

ఆరాధన అయ్యాక సభ్యులు కానివాళ్ళు వెళ్ళిపోయారు. షఫీకా అత్త కూడా లేచి, గుమ్మం బయట చెప్పుల దగ్గర కూర్చుంది. పాస్టరుగారు పుస్తకం చూసి ఒక్కొక్క పేరే పిలుస్తున్నారు. పిలిచినవాళ్ళు వెళ్ళి చీటీ తీసుకుని, పేరు రాసి, పెట్టెలో వేస్తున్నారు. పెట్టె పక్కన పెదనాన్న ఒకవైపు, నజ్మీ మాస్టారు ఒకవైపు. మెర్వత్ వేసింది. రాఫత్ వేశాడు.

"రిఫ్కా అద్లీ."

నడిచాను. బెంచీల మధ్య దారి అంత పొడవుందని నాకెప్పుడూ తెలియదు. పాస్టరుగారు చీటీ చాచారు. నేను తీసుకోలేదు.

"నేను 'ఇస్తున్నాం' అనలేదు" అన్నాను.

"ఏంటమ్మా?"

"ప్రమాణం అడిగినప్పుడు. అందరూ అన్నారు. నేను అనలేదు. నా పేరు తీసేయండి."

ఆయన కంగారుగా పెదనాన్న వైపు చూశారు. "ఎవరూ వినలేదమ్మా…"

"అందుకే ఇప్పుడు చెబుతున్నా."

నా గొంతు రెండో బెంచీ దాటి వెళ్ళింది. వెనక నుంచి ఎవరో "ఏమంటోందీ?" అంటే, ఇంకెవరో నా మాటే తిరిగి చెప్పడం వినబడింది.

పెదనాన్న నా భుజం మీద చెయ్యి వేశాడు. వేళ్ళు నొక్కుతున్నాయి, మొహం నవ్వుతోంది. "పిల్లకి ఎండ తగిలింది పాస్టరుగారూ. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. చీటీ ఇటివ్వండి, నేను వేయిస్తా." వంగి నా చెవిలో అన్నాడు. "ఇంటి పరువు తీయకే. నీకు ఏం కావాలో తర్వాత చూద్దాం."

"నాకు కావలసింది మీరు మెర్వత్‌కి ఇచ్చేశారుగా" అన్నాను.

అది పాస్టరుగారు విన్నారు. ఆయన మొహం మారింది. ఏమిటని అడగబోయి, చుట్టూ అంత మందిని చూసి ఆగిపోయారు. పుస్తకం మీదకు వంగి నా పేరు మీద గీత గీశారు. తర్వాతి పేరు పిలిచారు.

నేను బయటికి నడిచాను. షఫీకా అత్త నా చెప్పులు వెతికి నా కాళ్ళ దగ్గర పెట్టింది.

పెదనాన్న తొమ్మిది ఓట్ల తేడాతో గెలిచాడు. నేను వేసినా వేయకపోయినా ఒకటే. సాయంత్రం పెద్దమ్మ పెద్ద పళ్ళెం నిండా రవ్వతో బస్బూసా మిఠాయి చేసి ఊరంతా పంచింది. మా ఇంటికీ వచ్చింది, పాకం కారుతూ. నా వాటా అలాగే ఉండి చీమలు పట్టింది. నాన్న నాతో మాట్లాడలేదు. అమ్మ మాట్లాడింది గానీ మాట్లాడకపోయినా బాగుండేది. నానమ్మ మాత్రం ఆ రాత్రి అన్నం దగ్గర నా ముందుకు రొట్టె తోసి, "తిను, నోరున్నదానా" అంది.

శనివారం నేను మేడ మీద రొట్టెలకు కాపలా ఉంటే మెర్వత్ వచ్చింది. కాసేపు పిట్టగోడ దగ్గర నిలబడింది.

"నీ మీద నాకు చాలా కోపంగా ఉంది" అంది.

"సరే అక్కా."

"అందరూ నన్నే అడుగుతున్నారు, రిఫ్కాది నీకేం ఇచ్చారూ అని. చర్చికెళ్ళాలంటే సిగ్గేస్తోంది." వచ్చి నా పక్కన కూర్చుంది. "నీకు నిజంగా వెలుగు కనబడలేదా?"

"లేదు."

"పిలుపు?"

"లేదక్కా. రొట్టె మింగుడు పడలేదు. అంతే."

"అంతేనా?" ఒక పిండిముద్ద అంచు వేలితో నొక్కింది. గుంట పడింది, మెల్లగా మళ్ళీ పొంగింది. "నేను చెబుతుంటే నాకే ఏడుపొచ్చింది తెలుసా. నటించలేదు. నీకు జరిగినట్టు నాకూ ఏదో జరిగి ఉంటే ఎంత బాగుండేదో అనిపించి ఏడ్చా. నాకు అలాంటిది ఒక్కటీ లేదే. నాన్న అడగను కూడా అడగలేదు, నీకేమైనా ఉందా అని."

ఒక కోడి వస్తే ఇద్దరం ఒకేసారి హుష్ అన్నాం.

మంగళవారం పాస్టరుగారు ఇంటికొచ్చారు. నానమ్మ చాయ్ ఇచ్చింది. ఆయన గ్లాసు చేతిలో తిప్పుతూ అన్నారు. "రిఫ్కా, పండుగ అయ్యాక నువ్వొక్కదానివే రా. అంతమంది ఉండరు. రాయక్కర్లేదు, నోటితో రెండు మాటలు చెబితే చాలు."

"నా దగ్గర చెప్పడానికి ఒకటే ఉంది పాస్టరుగారూ. అది మీ దస్తాలో మెర్వత్ పేరు మీద ఉంది."

"తెలిసింది" అన్నారు మెల్లగా.

"ముందు దాన్ని సరిచేయండి. అందులో బిచ్చగత్తె లేదు. షఫీకా అత్త. అత్త పేరు రాయండి."

ఆయన వాకిట్లోకి చూశారు. అత్త అక్కడ కూర్చుని మొక్కజొన్న వలుస్తోంది. పాస్టరుగారి వైపు చూసి చెయ్యి ఊపింది. ఆయన కూడా ఊపారు. చాయ్ తాగడం అయ్యాక చెప్పారు. "ఆ దస్తా, పుస్తకం ఇప్పుడు నా దగ్గర లేవమ్మా. వాటి బాధ్యత కొత్త పెద్దకు అప్పగించారు."

కొత్త పెద్ద అంటే మా పెదనాన్నే.

"అయితే అడిగి తెప్పించుకోండి" అన్నాను.

అడుగుతానన్నారు. మూడు నెలలైంది. పెదనాన్న దగ్గర్నుంచి అడిగి తీసుకోవడం ఆయన వల్ల కాలేదని ఆయన మొహమే చెబుతుంది. ఇప్పుడు వీధిలో కనబడితే నాకంటే ఆయనే ముందు తల దించుకుంటారు.

నిన్న మళ్ళీ ప్రభు బల్ల. నేను చివరి బెంచీలో అత్త పక్కన కూర్చున్నాను. ఆడవాళ్ళ వైపు పళ్ళెం ఈసారి పెదనాన్న పట్టుకొచ్చాడు. బెంచీ తర్వాత బెంచీ దాటుకుంటూ మా దగ్గరికి వచ్చి ఆగాడు. అత్తని దాటేసి పళ్ళెం నా ముందు పెట్టాడు. రసం వాసన మీదుగా అత్తరు వాసన వచ్చింది. ఆయన బొటనవేలి గోటిలో గుమ్మడి గింజ పొట్టు ఇరుక్కుని ఉంది.

"తీసుకో" అన్నాడు పెదవులు కదపకుండా. "పేరు నేను మళ్ళీ రాయించా. అందరూ చూస్తున్నారు."

నేను చేతులు ఒళ్ళోనే పెట్టుకున్నాను. ఆయన కదల్లేదు. కప్పులు వణికి గలగలమన్నాయి. ముందు బెంచీల్లో తలలు వెనక్కి తిరిగాయి.

అప్పుడు షఫీకా అత్త, ముప్పై ఏళ్ళుగా చేస్తున్నట్టే, మర్యాదగా రెండు చేతులూ చాచి ఆయన చేతుల్లోంచి పళ్ళెం తీసుకుంది. ఒక్క చుక్క కూడా తొణక్కుండా అవతలి బెంచీలో కూర్చున్న ముసలావిడకు అందించింది.

పెదనాన్న పళ్ళెం వెనకాలే వెళ్ళాడు.